మంచి నమూనా

గాదంపాలెం, నర్సీపట్నం దగ్గర
అక్టోబరు

లోవా,

అప్ప రాస్తున్నాను. ఫోను ఎత్తడం లేదని అలగకు. నా కుడి చెవి ఎప్పుడో పోయింది, ఈ వానల్లో ఎడమది కూడా దాని దారే పట్టింది. మొన్న నువ్వు ఫోనులో "భాను బాగుంది" అంటే నాకు "భాను బావిలో ఉంది" అని వినబడి ప్రాణం పోయినంత పనైంది. పోనీ పక్కింటి రాజ్యం చేత మాట్లాడిద్దామా అంటే, మన ఇంటి గుట్టు తెల్లారేసరికి వీధి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ ఉంటుంది. ఏడో తరగతి దాకా చదివింది ఎందుకు వృథా చెయ్యాలని పెన్ను పట్టాను. అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటే నవ్వుకో, నాకు వినబడదులే.

తొలి పురుడు పుట్టింట్లో జరగాలి. కాని నా కూతురికి బీపీ ఉంది, ప్రయాణం వద్దని డాక్టరమ్మ అందని రాశాడు అల్లుడు కల్యాణ్. ఇక్కడ మీ బావ వరహాలు కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కాడు. ఆయన్ని వదిలి నేను కదల్లేను. నీ కడుపున పిల్లలు పుట్టకపోయినా భాను కాలేజీ చదువంతా నీ ఇంట్లోనే సాగింది. సగం తల్లివి నువ్వే. ఆ పురుడేదో నువ్వే పొయ్యి.

ఇంక నా స్వార్థం. మా ఆడవాళ్ళ సంఘం కిందటేడు కొండ కింద తవ్విన పిల్లిపీచర గడ్డలు మందుల కంపెనీవాళ్ళు వెనక్కి పంపేశారు. పరీక్షలో తప్పాయట. అలాంటి పరీక్షలు చేసేది నువ్వేగా! ఏం చూస్తారే మీరు అందులో? కొనుగోలు చూసే దుర్గేష్, ఈ ఏడు కూడా తప్పితే మన ఊరి మొహం చూడనన్నాడు. పరీక్ష రాసే పిల్లకి పంతులమ్మ నాలుగు ముక్కలు ముందే చెప్తే పాపమా?

మీ అప్ప
నూకరత్నం


అల్వాల్, సికింద్రాబాద్
నవంబరు

అప్పకి,

నీ కోడి కెలుకుడు చూసి ముందు నవ్వాను, తరవాత ఏడ్చాను. చెవి డాక్టరుకి చూపించుకో అంటే నువ్వు వినవు. ఇప్పుడు వినకపోవడానికి సాకు కూడా దొరికింది.

నీ కూతురు బాగుంది. బావిలో లేదు, నా వంటింట్లో ఉంది. నేనూ అదీ పక్కపక్క వీధులే కదా, ల్యాబు నుంచి నేను వచ్చేసరికి వచ్చి కూర్చుంటుంది. ఏ.ఎస్. రావు నగర్ లో మా ల్యాబు గేటు పక్క మిరపకాయ బజ్జీలు తెమ్మంటుంది. తేకపోతే "పిన్నీ, కడుపులో పిల్ల నిన్నేటనుకుంటదో సూసుకో" అని బెదిరింపు. కల్యాణ్ నెమ్మదైనవాడు. దాని మాటకి ఎదురు చెప్పడు.

నీ పరీక్ష సంగతి. పిల్లిపీచర అనకు, మా దగ్గర దాని పేరు శతావరి. ఊళ్ళో లోవమ్మ ఇక్కడ లోవలక్ష్మి గారు అయినట్టు. సరుకంతా మా దగ్గరికి రాదు, పిడికెడు వస్తుంది. దాన్నే నమూనా అంటాం. దాని మీద ఊరూ పేరూ ఉండవు, ఒక అంకె ఉంటుంది. కొంచెం కాల్చి బూడిద తూస్తాం. బూడిద ఎక్కువైతే గడ్డకి మట్టి ఉన్నట్టు. మీవి అక్కడే తప్పి ఉంటాయి. ఇంకొంచెం సారం తీసి, పలక మీద చుక్క పెట్టి నీలి దీపం కింద చూస్తాం. ఏ మొక్క రంగుల వరస దానిదే. ఒకదాని బదులు ఇంకోటి పెడితే అక్కడ దొరికిపోతుంది.

కాబట్టి బాగా కడగండి, తొక్క తియ్యండి, నీడన ఆరబెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, మంచి నమూనా తియ్యండి. సగం పరీక్షలు మా దగ్గర కాదు, నమూనా తీసేచోటే చెడిపోతాయి. నిజానికి ఆ పని దుర్గేష్ చెయ్యాలి. అలాంటివాళ్ళకి తీరిక ఉండదు, మీ చేతే తీయిస్తారు. అందుకని చెప్తున్నాను. ఇంతకన్నా చెప్తే మా ఓనరు రామ్మోహనరావు గారు నన్నే కాల్చి బూడిద తూస్తారు.

లోవ


గాదంపాలెం
డిసెంబరు

లోవా,

నువ్వు చెప్పినట్టే చేశాం. మంచి నమూనా అన్నావు కదా, పెళ్ళిచూపులకి పిల్లని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాం! గడ్డలన్నీ చాప మీద పోసి, నేనే ఒక్కొక్కటి ఏరాను. తిన్నగా, తెల్లగా, వేలెడు లావున ఉన్నవే. రెండుసార్లు కడిగాను. రాజ్యం వచ్చి చూసి, "ఓలమ్మో, ఇవి గడ్డలా మల్లిమొగ్గలా! ఈటిని సూత్తే మీ సెల్లికి మతి పోద్ది" అంది. మూట కట్టడానికి తాడు దొరక్క నా పాత నీలం చీర అంచు చింపి కట్టాను. పిల్లని పంపినట్టే పంపాను.

ఈసారి దుర్గేష్ కిందటేడు కన్నా బాగా ఎక్కువ అడిగాడు. ఏదో ఊళ్ళో సరుకు పాడైందట. మా కొండ కింద తవ్వింది సరిపోలేదు. ఎలాగోలా బస్తాలు నింపాంలే, అదో కథ, కాగితం చాలదు. బస్తాలు నర్సీపట్నంలో లారీ ఎక్కేదాకా నాకు నిద్ర లేదు. నమూనా మాత్రం విడిగా ముందే పోయింది. పాసైతే సంఘానికి ఊపిరి. తప్పితే రాజ్యం నన్ను వీధిలో నిలదీస్తుంది.

భాను కాళ్ళు వాచాయని కల్యాణ్ రాశాడు. ఉప్పు తగ్గించు. నన్ను తిట్టుకుంటోందా? అమ్మ రాలేదని అంటోందా? ఉన్నది ఉన్నట్టు రాయి.

అప్ప


అల్వాల్
ఫిబ్రవరి

అప్పా! అమ్మమ్మవయ్యావు!

బావకి కల్యాణ్ ఫోను చేసే ఉంటాడు, అయినా నా చేత్తో రాస్తే గాని నాకు తృప్తి లేదు. ఆడపిల్ల. ముక్కు నీది, గొంతు కూడా నీదే, వీధి చివరికి వినబడుతుంది. తల్లీ బిడ్డా నా ఇంట్లోనే ఉన్నారు. మారేడ్‌పల్లి ఆస్పత్రి నుంచి తిన్నగా ఇక్కడికే తెచ్చేశాను. భాను నిన్ను తిట్టుకోవడం లేదు. పురిటి నొప్పుల్లో మాత్రం నిన్నే పిలిచింది, ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

ఒక్కటే చిక్కు, పాలు చాలడం లేదు. పిల్ల ఏడుపు విని కింది ఇంటావిడ పైకొచ్చి, "ఏందమ్మా గిట్ల ఏడిపిస్తరా? శతావరి పొడి పాలల్ల కలిపి జెర తాపియ్యుండ్రి, నా కోడలికి సుత గదే ఇచ్చిన" అని మందలించి వెళ్ళింది. నాకు నవ్వొచ్చింది. శతావరి సంగతి నాకు చెప్తోందావిడ!

అసలు కబురు ఇప్పుడు చెప్తాను. మీ సంఘం గడ్డలు కిందటి నెలే పాసయ్యాయి, ఈ హడావుడిలో రాయలేకపోయాను! అంకె ఎవరిదో నాకు తెలియకూడదు. కాని మూటకి కట్టిన నీలం చీర అంచు నాకు తెలియదా? ఆ చీర నేనే కదా నీకు కొన్నది. లోవ గుళ్ళో అమ్మవారి తోడు, నీ కోసం ఒక్క అంకె కూడా అటూ ఇటూ చెయ్యలేదు. ఆ అవసరమే రాలేదు. అంత శుభ్రమైన గడ్డలు ఈ మధ్య ఎక్కడా చూడలేదు. పెళ్ళిచూపుల మాట తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటూ సంతకం పెట్టాను.

ఆ సరుకుతో చేసిన పొడి అప్పుడే అంగట్లోకి వచ్చింది. డబ్బా మీద లాటు నంబరు మన సరుకుదేనని చూసి మరీ కొన్నాను. నీ చేతి గడ్డలు, నా చేతి పరీక్ష, మన పిల్లకి పాలు. ఇంతకన్నా భాగ్యమేముంది అప్పా? పొద్దున్నా రాత్రీ చెంచాడు కలిపి నేనే తాగిస్తున్నాను.

లోవ


గాదంపాలెం
మార్చి

లోవా,

నీ ఉత్తరం రాజ్యం చేత ఊరందరికీ చదివించాను, పాసైన ముక్క దగ్గర ఆడవాళ్ళు ఈలలు వేశారు. మీ బావ కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచాడు. మనవరాలి మహిమ అంటున్నాడు.

ఒక మాట. ఆ డబ్బా పొడి భానుకి ఎందుకే? కంపెనీవాళ్ళు ఎక్కడెక్కడివో కలుపుతారు. నేను ఇంటి వెనక తీగ కింద తవ్విన గడ్డలు దంచి, జల్లించి, అల్లుడి స్నేహితుడు వస్తుంటే అతని చేత పంపిస్తాను. అవి వచ్చేదాకా మానెయ్యి. వెల్లుల్లి పెట్టు, మెంతులు పెట్టు, సొరచేప దొరికితే పిట్టు చేసి పెట్టు. అమ్మ మనకి ఏ డబ్బా కొనిపెట్టింది?

ఊరికే చెప్తున్నానని తీసిపారెయ్యకు. మానెయ్యి.

అప్ప


అల్వాల్
మార్చి

అప్పకి,

ఓసి నీ అసూయ కూలా! డబ్బాలో ఉన్నది నీ గడ్డలే కదే. నీ రోకలిని నమ్మాలా, నా యంత్రాన్నా? తల్లి ప్రాణం, తన చేత్తో దంచిందే కూతురి కడుపులో పడాలని నీ పంతం. పంపు, అది కూడా వాడదాం.

భానుకి కాస్త నలతగా ఉంది. బెంగపెట్టుకోకు. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే నీరసపడుతుందని మారేడ్‌పల్లి ఆస్పత్రిలోనే చేర్చాం. సెలైన్ పెట్టారు. తిండి పడలేదంటున్నారు. బజ్జీలు నేనే తెచ్చిపెట్టాను, నన్నే అనాలి. పాలు మళ్ళీ తగ్గాయి, అందుకని పొడి మాత్రం మానకుండా ఫ్లాస్కులో కలిపి తీసుకెళ్తున్నాను. "పిన్నీ, ఇది సూత్తేనే డోకొచ్చేత్తంది" అంటుంది. పిల్ల కోసం తాగమ్మా అని బతిమాలి తాగిస్తున్నాను.

తల దువ్వితే జుట్టు గుప్పెళ్ళతో వస్తోంది. బాలింతలకి మామూలేనని నర్సు బ్యూలా చెప్పింది. నువ్వు పరుగెత్తుకుని రానక్కర్లేదు. నేనున్నాను.

లోవ


గాదంపాలెం
ఏప్రిల్

లోవా,

పిల్ల నా దగ్గర బాగానే ఉంది. సీసా పాలు తాగుతోంది. ముందు రెండు రోజులు సీసా నోట్లో పెట్టనివ్వలేదు, మొహం తిప్పి నా జాకెట్టు వెతుక్కుంది. ఎండిపోయిన దాన్ని, నా దగ్గర ఏముంది దానికి.

సికింద్రాబాదులో నీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదని ఏమీ అనుకోకు. రైలు దిగేసరికే నా బిడ్డని గుడ్డలో చుట్టి ఉంచారు. మొహం మీది బట్ట తీస్తే తల మీద సగం జుట్టు లేదు. ఆ జడ నేను వేసిన జడ లోవా. చిన్నప్పుడు కూర్చోమంటే కూర్చునేది కాదు, ఒక్క దెబ్బ వేసి మరీ వేసేదాన్ని. నువ్వు నా కాళ్ళ దగ్గర పడి ఏడుస్తుంటే నీ పెదాలు కదలడం కనబడింది గాని ఏమన్నావో నాకు వినబడలేదు. నాకు వినాలని కూడా లేదు అప్పుడు.

డాక్టరు అల్లుడితో చెప్పాడట, ఒంట్లోకి ఏదో విషం వెళ్ళి ఉంటుంది, రక్తం తయారవడమే ఆగిపోయింది, ఏమిటో తేలలేదు అని. అది విన్నప్పట్నుంచి మీ బావ మనిషి మనిషిలో లేడు. "ఆ గుంటడే ఏటో పెట్టీసినాడు, ఆడపిల్ల పుట్టిందని పెట్టీసినాడు" అని అల్లుణ్ణి పట్టుకుని ఊరంతా చెప్తున్నాడు. కల్యాణ్ పిల్లని చూడ్డానికి వస్తే గుమ్మం ఎక్కనివ్వలేదు. అతను ఎండలో రోడ్డు అవతల నిలబడి చూసి వెళ్ళిపోయాడు.

నీ దగ్గర యంత్రాలున్నాయి. బూడిద చూసి మట్టి చెప్తావు, చుక్క చూసి మొక్క చెప్తావు. నా బిడ్డ తిన్నది, తాగింది ఏది మిగిలి ఉన్నా తీసుకెళ్ళి పరీక్ష చెయ్యి. అల్లుడే పెట్టాడా, ఆస్పత్రివాళ్ళు పెట్టారా, ఎవరు పెట్టారో నాకు పేరు చెప్పు. ఇంకేమీ అడగను నిన్ను.

నూకరత్నం


అల్వాల్
మే

అప్పా,

ఎవరు పెట్టారో తెలిసింది. కల్యాణ్ కాదు. బావకి ఆ ఒక్క మాటా ముందు చెప్పు, తరవాత మిగతాది చదువు.

నేను పెట్టాను.

ఇంట్లో మిగిలినవన్నీ పట్టుకెళ్ళాను. ఉప్పు, పప్పు, బజ్జీల బండివాడి నూనె, అన్నీ. పొడి డబ్బా చివర చూశాను, అదీ లెక్క తప్పకూడదని చూశాను. నీలి దీపం కింద శతావరి వరస వచ్చింది. దాని పక్కన ఇంకో వరస వచ్చింది. నేనే చుక్క తప్పు పెట్టాననుకుని మళ్ళీ చేశాను, మళ్ళీ వచ్చింది. అప్పుడు పొడి కాస్త సూక్ష్మదర్శిని కింద పెట్టాను. అది అడవినాభి, అప్పా. మన కొండ కింద కంచెల మీద ఎర్రగా మంటలా పూసే తీగ, చిన్నప్పుడు ముట్టుకుంటే అమ్మ వీపు చీరేసేది, దాని దుంప. వాంతులు, విరేచనాలు, తరవాత రక్తం తయారవకపోవడం, జుట్టు రాలడం, అన్నీ దాని లక్షణాలే. నేను చదువుకున్న పుస్తకంలోనే ఉన్నాయి. కళ్ళ ముందు గుప్పెళ్ళతో రాలుతుంటే నాకు తట్టలేదు.

డాక్టరు ఏం తిందని అడిగితే అన్నీ చెప్పాను. పొడి సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. నేను పరీక్ష చేసిన వస్తువు మీద నాకే అనుమానం ఎలా వస్తుంది? భాను వద్దంటే బతిమాలి, గడ్డం పట్టుకుని తాగించాను. నువ్వు మానెయ్యమని రాస్తే నిన్ను వెక్కిరించాను.

ఇప్పుడు నిన్నొకటి అడగాలి. నేను చూసిన నమూనాలో అడవినాభి లేదు. చుక్కంత కూడా లేదు. మరి బస్తాల్లో ఎలా ఉంది? పొడి చేశాక మళ్ళీ మొక్క పరీక్ష చెయ్యాలి. గడ్డలు పాసయ్యాయి కదా అని కంపెనీ పొడిలో తడి ఎంతుందో అంతవరకే చూడమంది, మేం అంతే చూశాం. ఆ పాసు నమూనాది, బస్తాలది కాదు.

మంచి నమూనా తియ్యమని నీకు రాశాను. మా భాషలో మంచి నమూనా అంటే అందమైనది కాదు అప్పా. ప్రతి బస్తాలోంచీ, పైనుంచి కొంచెం, మధ్యనుంచి కొంచెం, అడుగునుంచి కొంచెం తీసి కలిపినది. అందులో పుచ్చుంటే పుచ్చు, రాయుంటే రాయి రావాలి. అదీ మంచిది. ఒక్క వాక్యం ఎక్కువ రాస్తే పోయేది. నాకు అది ఎంత మామూలు మాటంటే, ఎవరికైనా తెలియకుండా ఉంటుందని తోచలేదు. పోనీ నువ్వేమైనా దాచావా? ఏరి పంపానని రాశావు, పెళ్ళిచూపులని రాశావు. ల్యాబులో ఎవరు ఆ మాట అన్నా ఆ నమూనా పారేసి కొత్తది తెమ్మనేదాన్ని. నువ్వు రాశావు కాబట్టి నవ్వుకున్నాను.

బస్తాల్లో ఏముందో చెప్పు.

లోవ


గాదంపాలెం
మే

లోవా,

చెప్తాను.

మా గడ్డలు చాలకపోతే కొండ మీది సంతకి వెళ్ళి కొన్నాం. ఎవరెవరో తెచ్చారు. తొక్క తీసి, ఉడకబెట్టి, ముక్కలు కోసి ఉన్నాయి. మార్గశిరానికి తీగలన్నీ ఎండిపోతాయి కదా, ఆకు లేదు, పువ్వు లేదు, మట్టిలో గడ్డ ఒక్కటే. తవ్వినవాళ్ళకే ఏది ఏదో తెలిసి ఉండదు. నేను ఒక ముక్క విరిచి చూశాను. పిల్లిపీచర లోపల ఈనె ఉంటుంది, దీనికి లేదు. లేతదేమోలే అనుకున్నాను. రాజ్యం, "ఏటప్పా ఇవి ఏరేగా ఉన్నాయి" అంది. "పొడి సేసీసినాక ఏదైతే ఏటే, నోర్ముయ్" అని కసిరాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

విషమనుకోలేదు. నా బిడ్డ మీద ఒట్టు అని రాయబోయాను, ఇంక ఆ ఒట్టు వెయ్యడానికి బిడ్డ లేదు. నాసిరకం అనుకున్నానంతే. బయటివాళ్ళెవరో తాగుతారు, కాస్త గుణం తక్కువైతే ఏం పోయింది అనుకున్నాను. డబ్బా కొన్నానని నువ్వు రాసిన రోజు కూడా నాసిరకం నా కూతురికెందుకని మానెయ్యమన్నాను. ఎందుకో రాయలేదు. రాస్తే నువ్వు కంపెనీకి చెప్తావేమో, మా సంఘం పరువు పోతుందేమోనని భయపడ్డాను. బయటివాళ్ళ కూతుళ్ళు తాగొచ్చు, నా కూతురు తాగకూడదు, ఎవరికీ తెలియకూడదు. అదీ నా బుద్ధి. దానికి తగిందే జరిగింది. కాని నా బుద్ధికి నా బిడ్డ ఎందుకు పోవాలి?

మీ బావకి చెప్పాను. కల్యాణ్ కాదని, నేనని. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు, అన్నానికి కూడా లేవలేదు. అల్లుడికి కబురు పెట్టాను, వచ్చి పిల్లని ఎత్తుకోమని.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెయ్యి. ఆ డబ్బాలు ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎవరి కూతుళ్ళు తాగుతున్నారో. ఏ ఆఫీసుకి రాయాలో రాయి. నా పేరు రాయి, ఊరు రాయి, నేనే బస్తాలు నింపానని రాయి. పిల్ల ఏమైపోతుందని ఆలోచించకు. జైల్లో పెట్టినా సరే, ఆ పొడి ఆగాలి.

నూకరత్నం


అల్వాల్
జూన్

అప్పా,

రాశాను. నీ పేరు, నా పేరు, రెండూ రాశాను. ముందు మా రామ్మోహనరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. నాకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, "లోవలక్ష్మి గారూ, మీ బాధ నాకు అర్థమవుతోందండి. కాని మనం టెస్ట్ చేసింది శాంపిల్ ని. రిపోర్టు కింద అదే రాసి ఉంటుంది కదా, ఇచ్చిన శాంపిల్ వరకేనని" అన్నారు. ఆ వాక్యం నేను ఎన్నో రిపోర్టుల కింద చూశాను.

మందుల తనిఖీ ఆఫీసువాళ్ళు కూడా విన్నారు. మన డబ్బా తీసుకోలేదు. మూత తీసిన డబ్బా చెల్లదట, ఇంట్లో ఎవరైనా ఏదైనా కలిపి ఉండొచ్చట. మూత తియ్యనిది తెమ్మన్నారు. కల్యాణూ నేనూ మారేడ్‌పల్లిలో, అల్వాల్లో, ఏ.ఎస్. రావు నగర్ లో ఒక్క కొట్టూ వదల్లేదు. ఆ లాటు ఎక్కడా లేదు. అమ్ముడైపోయిందట అప్పా. బాగా పోయిందట. ఎవరెవరు కొన్నారో ఏ కొట్టువాడికి గుర్తుంటుంది? బాలింత ఇంట్లో వాంతులైతే తిండి పడలేదనే అనుకుంటారు, మనం అనుకోలేదూ?

ఇంక ఒక్కటే మిగిలింది. ప్రతి నమూనాలో కొంత మా దగ్గర సీసాలో దాస్తాం, రేపు తగువొస్తే మళ్ళీ చూడ్డానికి. ఆ సీసా బయటికి తీశారు. నన్ను ముట్టుకోనివ్వలేదు, సొంత మనిషిని కాబట్టి. వేరేవాళ్ళ చేత చేయించారు, ఇంకో ల్యాబుకీ పంపారు. అద్దం అవతల నిలబడి దేవుడా దేవుడా అని మొక్కుకున్నాను. ఒక్క ముక్క, ఒక్క మరక అందులో అడవినాభిది రావాలని మొక్కుకున్నాను. ఎక్కడైనా ఇలా మొక్కుకుంటారా?

పాసైంది. రెండు చోట్లా పాసైంది. ఎన్నిసార్లు చూసినా పాసే అవుతుంది. నీ చేత్తో ఏరి, రెండుసార్లు కడిగావు కదా.

ఫిర్యాదు మూసేశారు. కూతురు పోయిన బాధలో సంత సరుకు మాట కల్పించుకున్నామని మన మీద జాలిపడ్డారు. నేను ఉద్యోగం మానేశాను, అయినా నేను సంతకం పెట్టిన ఆ రిపోర్టు చెల్లుతూనే ఉంటుంది. ఇంట్లో పాలు కాచడం కూడా మానుకున్నాను. నిన్ను క్షమించమని అడగను. నువ్వూ నన్ను అడగకు.

లోవ


గాదంపాలెం
జూలై

లోవా,

పిల్ల బోర్లా పడింది. కల్యాణ్ వారం వారం వస్తున్నాడు, మీ బావ అతనికి మంచం వేస్తున్నాడు. ఇద్దరూ పిల్లని మధ్యలో పడుకోబెట్టుకుని కూర్చుంటారు.

వానలు పడ్డాయి. కొండ కింద అడవినాభి పూసింది, కంచెలన్నీ ఎర్రగా ఉన్నాయి. నేను రోజూ వెళ్ళి కనబడిన తీగనల్లా దుంపతో సహా పెరికి తగలబెడుతున్నాను. ఊళ్ళో వాళ్ళు నాకు మతి తప్పిందంటున్నారు. సంఘం ఆడవాళ్ళని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. సంత సరుకు సంగతి, నమూనా సంగతి, భాను ఎలా పోయిందో, అన్నీ. ఇంక ఆ వ్యాపారం వద్దన్నాను. తలలు వంచుకుని విన్నారు. రాజ్యం ఏడ్చింది. నమ్మారనుకున్నాను.

నిన్న దుర్గేష్ వచ్చాడు. ఈ ఏడు సరుకుకి ముందే మాట తీసుకుపోదామని వచ్చాడు, కిందటేటికి రెట్టింపు కావాలట. వాకిట్లో అందరూ చేరారు. నేను లేచి, "ఆ బస్తాల్లో ఇసం ఉంది బాబూ, నా కూతుర్ని సంపీసింది" అన్నాను. ఆయన చెప్పులు విప్పి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నాకు వినబడాలని గట్టిగా అన్నాడు, "అమ్మా, మీ ఇంట్లో జరిగింది నాకు తెలుసమ్మా. చాలా బాధపడ్డాను. కాని మీ సరుకుకి వంక పెట్టకండి. కంప్లైంట్ వచ్చాక కూడా మళ్ళీ మళ్ళీ టెస్ట్ చేశారు, అన్నిచోట్లా పాసే" అని. సంచిలోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. ఇంగ్లీషు నాకు రాదు. అడుగున సంతకం మీద వేలు పెట్టి, లోవలక్ష్మి అని చదివాడు.

రాజ్యం ముందుకొచ్చి, "ఈవిడి సెల్లే గదా బాబూ" అంది.

దుర్గేష్ మొహం విప్పారింది. "మీ చెల్లెలుగారా! మరింకేంటమ్మా! సొంత చెల్లెలే చూసి సంతకం పెట్టిన సరుకు. మీకింకా అనుమానం ఎందుకు?"

ఆడవాళ్ళందరూ నా వైపు తిరిగారు. ఎవరికీ కోపం లేదు. రాజ్యం నా పక్కన కూర్చుని పసిపిల్లకి నిమిరినట్టు నా తల నిమిరింది. సరుకు ఇస్తామని వాళ్ళే ఒప్పుకున్నారు. తీగలు ఎండగానే తవ్వుతారు.

నీ సంతకం నా చేతిలోనే ఉంది లోవా. అది అబద్ధమని వీళ్ళకి ఎలా చెప్పను? నువ్వు రాసిందాంట్లో అబద్ధం ఏమీ లేదు కదా.

అప్ప